పెంటమ్మ కోళ్లు

దుర్గయ్య ఎడమచేతి బొటనవేలితో కోడి ముక్కు కొద్దిగా తెరిచి, కుడిచేతిలో ఉన్న తడి దూదిని పిండాడు. బొట్టు నాలుక మీద పడింది. కోడి మింగలేదు. మెడ పొడుగునా వేలితో కిందికి నిమిరితే అప్పుడు గుటక వేసింది. మళ్లీ ఒక బొట్టు, మళ్లీ నిమరడం. ఏళ్ల తరబడి ఇస్త్రీ పెట్టె పట్టి కాయలు కాచిన వేళ్లకు ఇంత సుతారమైన పని అలవాటు లేదు. మొదట్లో బొట్టు వేయబోతే ధార పడి కోళ్లకు పొలమారేది. ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతోంది. చెయ్యి కుదిరేసరికి కోళ్లు అయిపోయాయి. ఇది ఆఖరిది.

బూడిదరంగు పెట్ట. గది మూలన గంపలో, ఎవరో వదిలేసిపోయిన తెల్ల చొక్కా మీద కూర్చుని ఉంది. రెక్కలు రెండు పక్కలా జారిపోయాయి. తల మీది తురాయి నేరేడుపండు రంగుకు తిరిగింది. మెడ ఒక పక్కకు మెలిపడిపోతోంది. చేత్తో సరిచేస్తే నిలబడుతుంది, చెయ్యి తీస్తే మళ్లీ తిరిగిపోతుంది. అంత జబ్బులోనూ కడుపు కింద గుడ్లను మాత్రం వదల్లేదు. ముక్కులోంచి కారిన నీళ్లను దుర్గయ్య లుంగీ అంచుతో తుడిచాడు.

"సాయంత్రం దాక ఉండవే," అన్నాడు దాంతో. "సాయంత్రం దాక ఉంటె సాలు. అటెన్క నీ ఇష్టం."

బయట కుళాయి స్తంభానికి కట్టేసిన ఎర్ర పుంజు కూసింది. దాని గొంతుకు ఏ తెగులూ అంటలేదు. గల్లీ మొత్తం నిద్ర లేచేటట్టు కూస్తుంది. దుర్గయ్య దానివైపు తిరగలేదు. ఈ మధ్య దాని మొహం చూడడం మానేశాడు. మేత మాత్రం వేళకు వేస్తాడు. వేయక తప్పదు, అది అమ్మవారికి మొక్కిన పుంజు.

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి దారితీసే గల్లీల్లో ఒకదాంట్లో, రాజకుమారి గారి పాత ఇంటి వెనక పెరట్లో రేకుల గది వాళ్లది. ఇంటి ముందు భాగం పైనా కిందా హాస్టల్. పరీక్షలకు చదువుకునే పిల్లలు గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటారు. వాళ్లు తిని వదిలిన అన్నం, రాలిన మెతుకులు పెరట్లో కోళ్లకు పండగ. ఆ కోళ్లు పెంటమ్మవి. దుర్గయ్యకు వాటితో ఎప్పుడూ సంబంధం లేదు. పైగా విసుగు. ఉతికిన బట్టల మూట మీదికెక్కి రెట్ట వేసినప్పుడల్లా వాటినీ, వాటి యజమానురాలినీ కలిపి తిట్టేవాడు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి ఎవరైనా ఎత్తితే, "అవ్, నిజమే గదా" అనేది పెంటమ్మ. కోడి ఆమెది, కుంపటి ఆయనది. రెండూ ఉన్నన్నాళ్లు ఆ పెరట్లో నిజంగానే తెల్లవారుతూ వచ్చింది.

ఇవాళ సాయంత్రం పెంటమ్మ దవాఖాన నుంచి ఇంటికి వస్తుంది. కడుపులో గడ్డ తీశారు. మొదట్లో బతుకుతుందో లేదో అన్నారు, తర్వాత ఫర్వాలేదన్నారు. అడిక్‌మెట్‌లో ఉండే కూతురు నవనీత వచ్చి తల్లి మంచం దగ్గరే కాపురం పెట్టింది. దుర్గయ్య రోజూ మధ్యాహ్నం గంజో జావో పట్టుకుని వెళ్లేవాడు. వారం రోజులకు తెలివొచ్చి కళ్లు తెరిచినప్పుడు పెంటమ్మ అడిగిన మొదటి మాట, "కోళ్లెట్లున్నయ్?" అని.

"మంచిగున్నయ్," అన్నాడు దుర్గయ్య. అప్పటికి బోడమెడది పోయి ఒక పూటే అయింది. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. రోజుకొకటి చొప్పున బొల్లిది, గోధుమరంగుది, చివరికి ఆమెకు ప్రాణమైన నల్లది పోయాయి. జవాబు మాత్రం మారలేదు. ఒక అబద్ధం ఆడితే దాని వెనక ఇంకొకటి ఆడాలంటారు. దుర్గయ్యకు ఆ బాధ లేకపోయింది, ఒకే అబద్ధాన్ని రోజూ వేడిచేసి వడ్డించాడు. ఇవాళ్టితో అదీ చెల్లిపోతుంది. కనీసం పెంటమ్మ గడప తొక్కేసరికి ఒక్క కోడయినా ఊపిరితో ఉంటే, మిగతాది ఎలాగో చెప్పొచ్చని ఆయన ఆశ.

గంపను రెండు చేతులా ఎత్తుకుని గల్లీ మొదట్లో ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి తెచ్చాడు. వెచ్చగా ఉంచాలని పశువుల డాక్టరమ్మ చెప్పింది. బండి కింద, నిన్నటి బూడిద పోసిన రేకు పక్కన గంప పెట్టాడు. కుంపట్లో బొగ్గు రాజేసి విసిరాడు. నిప్పులు ఎర్రబడ్డాక సగం పెట్టెలోకి, కొన్ని రేకులో బూడిద మీదికి వేశాడు. గంపకు మరీ దగ్గరగా కాదు, మరీ దూరంగా కాదు. వంగి లేచేసరికి మోకాళ్లు పటుక్కుమన్నాయి. రాత్రంతా కోడి గురక వింటూ కూర్చోవడంతో కళ్లలో ఇసుక పోసినట్టుంది. మొదటి చొక్కా తీసి బండి మీద పరిచి, నీళ్లు చిలకరించి, పెట్టె ఎత్తాడు.

కాలరు, భుజాలు, చేతులు, ముందు పట్టీ, వీపు. ఆ వరస ఆయన చేతికి తెలుసు, మనసుకు చెప్పక్కర్లేదు. చేతిని పనిలో వదిలేసి మనసు ఎటైనా పోవచ్చు. ఇన్నేళ్లూ అలాగే గడిచాయి. నల్లగొండ దిక్కు పల్లె నుంచి కొత్తగా పెళ్లయి వచ్చినప్పుడు ఈ కానుగ చెట్టు కిందే బండి పెట్టాడు. చెట్టు సగం కొట్టేశారు, ఎదురుగా ఉన్న పెంకుటిళ్లు హాస్టళ్లయ్యాయి, ఇస్త్రీ లేకుండానే తొడుక్కునే బట్టలొచ్చాయి. దుర్గయ్య మాత్రం పెట్టె ముందుకూ వెనక్కీ తోస్తూ ఉండిపోయాడు. బట్టలు ఇళ్లకు చేరవేసేది పెంటమ్మ. తల మీద మూటతో హాస్టల్ మెట్లన్నీ ఎక్కి దిగేది. ఎవరి చొక్కా ఏదో, ఎవరి పరీక్ష ఎప్పుడో అన్నీ ఆమెకే తెలుసు. పరీక్ష రాయబోయే పిల్లలకు ఆ పొద్దున ఒక ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చి పంపేది. తమ కోళ్లు పెట్టిందే, బయట కొన్నది కాదు.

పెంటమ్మ అనే పేరు విని ఆ పిల్లల్లో ఎవరూ నవ్వరు. వాళ్లలో సగం మందికి ఊళ్లో ఆ పేరుతో ఒక నాయనమ్మో అమ్మమ్మో ఉంటుంది. పెంటమ్మకు ముందు పుట్టినవాళ్లు పురిట్లోనే పోతుంటే, ఈమె పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటావిడ చేత ఎత్తించి, ఆవిడకు చాటెడు నూకలిచ్చి మళ్లీ కొనుక్కున్నారు. పారేసినదాన్ని చావు మాత్రం ఏం చేసుకుంటుంది! "సావుకు నేను కనబడ," అని గొప్పగా చెప్పుకునేది పెంటమ్మ. కడుపు పట్టుకుని పెరట్లో కూలబడిన రోజున ఆ మాటే దుర్గయ్య చెవుల్లో గింగుర్లెత్తింది. చావుకు కనబడిపోయిందేమో అనుకున్నాడు.

"కాకా, గీ షర్టు జర పొద్దుగూకేదాంక ఇస్తవా?"

విఠల్. మేడ మీద గదిలో ఉంటాడు. ఏళ్లుగా పరీక్షలు రాస్తున్నాడు. జుట్టు పలచబడింది గానీ పట్టు సడలలేదు. చొక్కా బండి మీద పెట్టి, వంగి గంపలోకి చూశాడు.

"ఇదీ గట్లనే ఉన్నదా కాకా?"

"ఉన్నది," అన్నాడు దుర్గయ్య. ఆ ఒక్క మాటలో ఎన్ని అర్థాలు కావాలంటే అన్ని తీసుకోవచ్చు.

"అవ్వ ఇయ్యాల్నే వస్తున్నదంట గదా. ఎల్లుండి నాకు పరీక్ష. అవ్వ గుడ్డు తినకుంట ఒక్కసారి గూడ పోలే," అన్నాడు విఠల్. అని, తనన్నదేమిటో తట్టి నాలుక కరుచుకున్నాడు. "అంటే, గుడ్డు కోసమని కాదు కాకా. అన్ని గుడ్లు తిన్న, అయినా ఆఫీసర్‌నైతే కాలే."

దుర్గయ్య నవ్వబోయాడు, రాలేదు. "పొద్దుగూకేదాంక ఇస్త, పో," అన్నాడు.

కోళ్లకు జబ్బు చేసినప్పటి నుంచి గల్లీలో తలా ఒక వైద్యం చెప్పారు. ఉల్లిగడ్డ దంచి పెట్టమని ఒకరు, వేపాకు పసరన్నారు ఒకరు, నాలుగు చుక్కల కల్లు పోస్తే లేచి కూర్చుంటుందన్నారు ఇంకొకరు. టిఫిన్ బండి అతను మాత్రం మనసులో ఉన్నమాట దాచుకోలేదు. "పానం ఉండంగనే కోసుకోరాదె, ఉత్తగ మట్టిల కలుపుతున్నవ్," అన్నాడు. అందరూ చేసేది అదే. దుర్గయ్యకు చేతులు రాలేదు. ఒక్కొక్కదాన్నీ జామచెట్టు కింద గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాడు. కోళ్లంటే గిట్టని మనిషి కోడి చస్తే గుంట తవ్వుతూ ఏడ్చాడంటే ఎవరూ నమ్మరు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఎండ చెట్టు దాటి బండి మీదికి వచ్చే వేళకు రాజకుమారి గారు బండి దగ్గరికి వచ్చారు. ఇంటి యజమానురాలే అయినా అరిచే రకం కాదు. ముక్కుకు చీర కొంగు అడ్డం పెట్టుకుని గంపలోకి తొంగి చూసి, పెదవి విరిచారు.

"దుర్గయ్యా, ఇది గూడ దక్కేటట్టు లేదు. పెంటమ్మకు చెప్పినవా మరి?"

"లేదమ్మా."

"కడుపు కోసిన మనిషి. ఇంట్లకు వస్తనే ఖాళీ పెరడు చూస్తె తట్టుకుంటదా? నా మాట విను. నారాయణగూడకు పోయి అసొంటివే నాలుగు పట్టుకరా. రంగులు చూసుకో. ఇప్పుడైతే గడుస్తది. మనిషి జర కోలుకున్నంక మెల్లగ చెప్పుకోవచ్చు."

ఆవిడ మంచికే చెప్పారు. ఆ మాట విన్నాక దుర్గయ్యకు పెట్టె మరీ బరువైంది. కాసేపు చొక్కాల మీద మనసు పెట్టడానికి చూశాడు. ఒక కాలరు మాడబోయి తప్పింది. చివరికి నిప్పుల మీద బూడిద కప్పి, గంప మీద పొడి గుడ్డ వేసి, నారాయణగూడ వైపు నడిచాడు.

మార్కెట్ పక్కన కోళ్ల దుకాణం ముందు ఇనుప జాలీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నాటుకోళ్లు ఒక పక్క, ఫారం కోళ్లు ఒక పక్క. నాటుకోళ్లలో ఒక నల్ల పెట్ట ఉంది. అచ్చం నల్లదే. అదే మెరుపు, అదే కాళ్ల పసుపు. దుర్గయ్య చెయ్యి తనంతట తాను జాలీ వైపు పోయింది.

అదే జాలీ ముందు రెండు వారాల కింద కూడా నిలబడ్డాడు. పెంటమ్మను లోపలికి తీసుకెళ్లి తలుపులు మూసిన రోజున, దవాఖాన మెట్ల మీద కూర్చుని పోచమ్మ తల్లికి మొక్కాడు. 'తల్లీ, అది నడుచుకుంట ఇంట్లకొస్తె నీకు పుంజును కోస్త' అని. ఆ సాయంత్రమే ఇక్కడికి వచ్చి ఎర్ర పుంజును పట్టుకెళ్లాడు. ఆలస్యం చేస్తే అమ్మవారు వేరే మాట అనుకుంటుందని భయం. పెరట్లో దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తల మీద నీళ్లు చల్లితే ఒళ్లు జలజలా విదిలించింది. అమ్మవారు ఒప్పుకున్నట్టే. ఎన్నాళ్ల తర్వాతో ఆ రోజు ఆయనకు కడుపునిండా ఊపిరి ఆడింది.

కొత్త కోడి ఇంటికి వస్తే పెంటమ్మకు ఒక పద్ధతి ఉంది. వాకిట్లో వేరే గంప కింద మూసిపెడుతుంది. కొన్నాళ్లు దాని మేత వేరు, నీళ్ల చిప్ప వేరు. కోళ్లు కొట్టుకోకుండా అలా చేస్తుందని దుర్గయ్య అనుకునేవాడు. ఆ గంప ఆ రోజు కూడా గోడవారనే ఉంది. ఆయన చూశాడు కూడా. కానీ ఇది అమ్మవారి జీవం. అమ్మవారి పుంజును దొంగను మూసినట్టు గంప కింద మూస్తారా? కాలు కట్టెయ్యడానికి కూడా మనసొప్పక, స్వేచ్ఛగా పెరట్లో వదిలాడు. పెంటమ్మ కోళ్లు చుట్టూ చేరి దాన్ని వింతగా చూశాయి. అన్నీ కలిసి ఒకే చిప్పలో నీళ్లు తాగాయి. పుంజుకు ఒకటి రెండు రోజులు ముక్కు కారింది, తర్వాత మామూలైంది. ఆ తర్వాత బోడమెడది మేత మానేసింది.

మిగతా కోళ్లు కూడా పచ్చని రెట్ట వేస్తూ మెడలు తిప్పుకుంటుంటే, నల్లదాన్ని సంచిలో పెట్టుకుని ఇదే నారాయణగూడలో పశువుల దవాఖానకు పరిగెత్తాడు. డాక్టరమ్మ చూసి, కొక్కెర తెగులు అంది. "రాకముందైతే టీకా ఉన్నది. వచ్చినంక మందు లేదు. వెచ్చగ ఉంచి నీళ్లు తాగించు. ఒకటో అరో దక్కితె దక్కుతది," అని, చేతులు కడుక్కుంటూ అడిగింది. "కొత్త కోడిని ఏదన్న తెచ్చి కలిపినవా?"

"లేదమ్మా," అన్నాడు దుర్గయ్య. అప్పుడే ఆయనకు అంతా తెలిసిపోయింది. ఎందుకు అబద్ధమాడాడో మాత్రం తెలియలేదు. పుంజును తెచ్చి కుళాయి స్తంభానికి కట్టేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

బూడిద పెట్ట ఒక్కటే గదిలో పొదుగు మీద ఉండడంతో వేరుగా మిగిలింది. నొప్పి రాకముందు పెంటమ్మే గుడ్లేసి కూర్చోబెట్టింది. ఆ ఒక్కదాన్నైనా కాపాడుకుందామని ఆయన పూటకోసారి మేత పెట్టాడు, నీళ్లు పెట్టాడు. బయట జబ్బు కోళ్లను పట్టుకున్న చేతులతోనే పెట్టాడు. ఇంకేం, తెగులు దాన్నీ అందుకుంది.

"నల్లది కావాల్నా పెద్దమనిషి?" అన్నాడు దుకాణం కుర్చీలో కూర్చున్నతను.

దుర్గయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జాలీలోని నల్ల పెట్ట మెడ చాచి నోరు తెరిచింది. ఎండకే కావచ్చు. దీన్ని తీసుకెళ్లి ఆ పెరట్లో వదిలితే దీని గతీ అంతే. పైగా పెంటమ్మ చూడగానే పోల్చుకుంటుంది. రంగు ఒకటైతే కోడి ఒకటవుతుందా!

"వద్దు," అని ఇంటిదారి పట్టాడు.

మధ్యాహ్నం బూడిద పెట్ట నీళ్లు మింగడం మానేసింది. మెడ ఎంత నిమిరినా బొట్టు పక్కనుంచి జారిపోయింది. విఠల్ చొక్కా చేసి, మిగతా మూట చేసి, మధ్యలో నాలుగుసార్లు వంగి చూశాడు. ఛాతీ కదులుతోంది. అది కదులుతుంటే చాలు. రేకులో నిప్పులు మార్చాడు. సాయంత్రం కోడి గంపనూ, వెచ్చదనానికి నిప్పులున్న ఇస్త్రీ పెట్టెనూ గదిలో పెట్టి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని దవాఖానకు బయల్దేరాడు. పెళ్లాన్ని ఇంటికి తెచ్చుకునే రోజు. సంతోషించాల్సిన రోజే, సంతోషం లేకపోలేదు కూడా. కానీ దాని మీద ఈ అలసట తడి గోనెసంచిలా పడి ఉంది.

ఆటోలో పెంటమ్మ మధ్యలో, అటు నవనీత, ఇటు దుర్గయ్య. మనిషి సగమైంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కళ్లు మాత్రం పాతవే.

"నల్లది పెడుతున్నదా?" అంది నల్లకుంట దాటుతుండగా.

"పెడుతున్నది."

"యాడ పెడుతున్నది?"

"యాడ పెడ్తది? గంపలనే."

పెంటమ్మ మొహం పక్కకు తిప్పింది. రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి గానీ దుర్గయ్యకు తన నోరు చేసిన పని తట్టలేదు. నల్లది గంపలో ఒక్కనాడూ గుడ్డు పెట్టలేదు. దానికి ఇస్త్రీ మూటే కావాలి. ఎవరిదో తెల్ల పైజామా మీద గుడ్డు పెట్టి, తను తిట్టి, పెంటమ్మ నవ్వి, ఎన్నిసార్లు జరిగిందో! ఆయన కిందికి చూస్తూ గోళ్లు గిల్లుకున్నాడు.

గల్లీ మొదట్లో ఆటో ఆపించింది పెంటమ్మ.

"లోపలికి పోనియ్యమ్మా, నడవకు," అంది నవనీత.

"మొద్దులెక్క పడి పడి కాళ్లు గుంజుతున్నయ్. నడుస్త."

దుర్గయ్య భుజం మీద చెయ్యి వేసి అడుగులో అడుగు వేసింది. పోచమ్మ తల్లికి ఏమని మొక్కాడో ఆమెకు తెలియదు. అన్నమాట ప్రకారం నడుచుకుంటూనే వస్తోంది. మేడ మీంచి విఠల్ "అవ్వా!" అని కేకేశాడు. ఆమె చెయ్యి ఎత్తింది.

కోళ్లు గూటికి చేరే వేళ. మామూలుగా ఆ సమయానికి పెరట్లో పెద్ద రభస ఉండాలి. నీళ్ల డ్రమ్ము మీద నాదంటే నాదని ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. పెంటమ్మ పెరటి మలుపు దగ్గర ఆగింది. డ్రమ్ము మీద ఏమీ లేదు. జామచెట్టు కింద కొత్త మట్టి, తెల్లగా సున్నం. చాలాసేపు చూసింది.

"ఎన్ని మిగిలినయ్?" అంది.

"పొదిగేదొక్కటి."

"పట్టుకరా."

గది గడప మీద కూర్చోబెట్టి, గంపలోంచి కోడిని తీసి ఆమె ఒళ్లో పెట్టాడు దుర్గయ్య. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. పెంటమ్మ దాని రెక్కలు ఎత్తి మూసింది, తురాయి తడిమింది, మెలిపడ్డ మెడను అరచేతిలో ఆనించింది. కోడి ఒకసారి కన్ను తెరిచింది. ఆమెను గుర్తుపట్టిందో లేదో ఎవరు చెప్పగలరు? నవనీత కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగింది.

అప్పుడే కుళాయి దగ్గర ఎర్ర పుంజు రెక్కలు టపటప కొట్టుకుంది. పెంటమ్మ తలెత్తింది.

"గా పుంజు యాడిది?"

ఇది అడుగుతుందని ఆయనకు తెలుసు. ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఎవరో కట్టేసి పోయారని, హాస్టల్ వాళ్లదని. తీరా అడిగేసరికి అవన్నీ వదిలేశాడు.

"నేనే తెచ్చిన. నువ్వు నడుచుకుంట ఇంట్లకొస్తె కోస్తనని అమ్మవారికి మొక్కిన. తెచ్చి వీటిల్ల కలిపిన. దానికున్నది వీటికంటింది. నేనే సంపిన పెంటమ్మా, అన్నిట్లను నేనే సంపిన."

పెంటమ్మ గోడవారనున్న ఖాళీ గంప వైపు చూసింది. "గంప గాడనే ఉండె గదా. దాని కింద పెట్టొద్దా?"

"అమ్మవారి జీవమాయె. గంప కింద ఎట్ల మూస్తనే?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. కడుపు పట్టుకుంది. "నవ్వియ్యకు, కుట్లు నొస్తయ్," అంటూనే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఎంత పిచ్చోనివయ్యా నువ్వు. గింత ముసలితనం వచ్చె, గింత తెల్వదాయె."

దుర్గయ్య ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. కోడి వీపు మీద చెయ్యి అలాగే ఉంచి కూర్చుంది. దాని ఛాతీ కదలడం ఎప్పుడు ఆగిందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు. పెంటమ్మ చేతికే ముందు తెలిసింది. రెప్పలు వేలితో మూసి, రెక్కలు దగ్గరికి చేర్చింది.

"నా గండం ఇవి మోసుకపోయినయ్," అంది.

"అట్ల కాదంట. రోగం ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంటదంట. డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మకు తెల్సింది డాక్టరమ్మ చెప్పింది. మనం ఇట్ల అనుకుందాం." కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "అనుకోకుంటె నువ్వెట్ల పండుకుంటవయ్యా? కండ్లు జూడు, ఎట్ల గుంటలు పడ్డయో."

దుర్గయ్యకు అప్పుడు ఏడుపొచ్చింది. గుంటలు తవ్వేటప్పుడు వచ్చినలాంటిది కాదు, చిన్నపిల్లాడికి వచ్చేలాంటిది. దవాఖాన మెట్ల మీద ఆపుకున్నదంతా వచ్చింది. నవనీత తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. పెంటమ్మ ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"పుంజును ఐతారం నాడు కోద్దాం," అంది తర్వాత. "అమ్మవారి మాట అమ్మవారికి ఉండాలె. కూర మాత్రం నాకొద్దు. గల్లీల పంచుండ్రి. విఠల్‌కు చెప్పు, గుడ్డు ఈసారికి లేదని. బిడ్డను కావలించుకుని పంపుత, అదే సాలు."

గంపలోని గుడ్లను తెమ్మంది. వాటిని ఆమే ఎంచి పెట్టింది. పొదుగేసిన గుడ్లలో కొత్త గుడ్డు కలవకుండా, మొగుడి కుంపట్లోంచి బొగ్గుముక్క తీసి ఒక్కోదాని నడుం చుట్టూ గీత గీసేది, పసిపిల్లకు మొలతాడు కట్టినట్టు. నవనీత ఫోన్ లైటు వేసి పట్టుకుంది. పెంటమ్మ ఒక్కొక్క గుడ్డునే లైటుకు ఆనించి చూసింది. "మురిగింది," అని పక్కన పెట్టింది. ఇంకోటి. "మురిగింది." కోడి వెచ్చదనం ఎప్పుడు తగ్గిందో అప్పుడే వాటి పని అయిపోయింది. ఆఖరిదాన్ని మిగతావాటికన్నా ఎక్కువసేపు చూసింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఏమన్న ఉన్నదా?" అన్నాడు దుర్గయ్య.

"లేదు." గుడ్డును అరచేతిలో తిప్పింది. "అయినా గీ ఒక్కటి ఉండనీ. రేపు చూద్దాం."

దుర్గయ్య కోడినీ, మిగతా గుడ్లనూ తీసుకుని జామచెట్టు కిందికి పోయాడు. మట్టి మెత్తగానే ఉంది, తవ్వడం కష్టం కాలేదు. సున్నం చల్లి, పైన ఒక రాయి పెట్టాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. రోగం అంటుకుంటుందని డాక్టరమ్మ చెప్పిన ముక్క ఇప్పుడు బాగా గుర్తుంది. పుంజుకు గుప్పెడు నూకలు వేశాడు. అది తింటుంటే ఇన్నాళ్లకు దానివైపు చూశాడు. దానికేం తెలుసు పాపం.

గదిలోకి వచ్చేసరికి పెంటమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నవనీత జావ కాస్తోంది. ఆయన చాప పరుచుకుని, ఆమె మంచం పక్కనే నడుం వాల్చాడు. చాలా రోజుల తర్వాత కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. మూలన, ఇంకా వేడి చల్లారని ఇస్త్రీ పెట్టె పక్కన, మడతపెట్టిన తెల్ల చొక్కా మీద గుడ్డు ఒక్కటే ఉంది. దాని నడుం చుట్టూ పెంటమ్మ గీసిన బొగ్గు గీత ఎక్కడా చెరగలేదు.